మిట్టమధ్యాహ్నం, జమ్ము పొదల్లో

అక్టోబరు నడిమికి వచ్చేసరికి ఇంగ్లండ్‌లోని ససెక్స్‌లో ఉన్న షెఫీల్డ్ పార్క్ తోటకు జనం పోటెత్తుతారు. చెరువుల చుట్టూ పెరిగిన మేపుల్, టుపెలో చెట్లు ఆ రోజుల్లో పసుపు, నారింజ, కుంకుమ రంగులకు తిరుగుతాయి. గాలి లేని ఉదయమైతే గట్టు మీద చెట్టు ఎంత ఎత్తుందో నీళ్లలో దాని బొమ్మ అంత లోతుగా కనిపిస్తుంది. వచ్చినవాళ్లందరూ వంతెన మీద ఆగి ఫొటో తీసుకునే కదులుతారు.

ఇంత రంగుల తోట సినిమా చరిత్రలో నిలిచిపోయింది మాత్రం నలుపు తెలుపుల్లో. 1961లో వచ్చిన ‘ది ఇన్నోసెంట్స్’లో బ్లై అనే భవంతిగా కనిపించేది ఇక్కడి ఇల్లే. అందులోని చెరువు ఇక్కడి చెరువే. తనను బాగా భయపెట్టిన 11 సినిమాల పేర్లు చెబుతూ దర్శకుడు మార్టిన్ స్కోర్సెసీ ఈ సినిమానూ చేర్చాడు. అయితే ఇందులో రక్తం లేదు, ఉలిక్కిపడేలా అరిచే శబ్దాలు లేవు. భయమంతా ఒక ఇల్లు, ఒక తోట, వాటి మీద పడే వెలుతురు, వాటిలో వినిపించే చప్పుళ్లు. అందుకే ఈ తోట గురించి చెప్పాలంటే, అది మన ఇంటి టీవీ తెర దాకా ఎలా వచ్చిందో కూడా చెప్పాలి.

చెరువు దృశ్యంతో మొదలుపెడదాం. పట్టపగలు. ఒడ్డున చిన్న మండపం. చిన్నారి ఫ్లోరా ఏదో పాటను కూనిరాగం తీస్తుంటుంది. పక్కన ఉన్న మిస్ గిడెన్స్ ఆ ఇంటికి కొత్తగా వచ్చిన గవర్నెస్, తల్లిదండ్రులు లేని ఇద్దరు పిల్లల బాధ్యత ఆమెదే. ఉన్నట్టుండి ఆమె ముఖం మారుతుంది. మనకు ముందు ఆ ముఖమే చూపిస్తారు. తర్వాత నీళ్ల అవతల, జమ్ము మధ్య, నల్లటి గౌను వేసుకున్న ఒక స్త్రీ. కదలదు, చెయ్యి ఊపదు, మీదికి రాదు. కెమెరా కూడా దగ్గరికి వెళ్లదు. ముఖం పోల్చుకోలేనంత దూరం. మళ్లీ చూసేసరికి అక్కడ జమ్ము తప్ప ఏమీ ఉండదు.

మిట్టమధ్యాహ్నం చెరువుగట్టుకు పోవద్దని, చింతచెట్టు కింద నిలబడొద్దని మన ఇళ్లలో పెద్దవాళ్లు పిల్లల్ని గదమాయించేవాళ్లు. దెయ్యం తిరగడానికి చీకటే పడాల్సిన పనిలేదని మన పల్లెలకు ఎప్పటినుంచో తెలుసు. దర్శకుడు జాక్ క్లేటన్ నమ్మిందీ అదే. ఆయన తీసిన ఈ పట్టపగటి దెయ్యం ముందు అర్ధరాత్రి దెయ్యాలు చాలావరకు వెలవెలబోతాయి.

మూలకథ హెన్రీ జేమ్స్ 1898లో రాసిన ‘ది టర్న్ ఆఫ్ ది స్క్రూ’. దాని ఆధారంగా విలియం ఆర్చిబాల్డ్ నాటకం రాశాడు. సినిమాకు ఆర్చిబాల్డ్‌తో పాటు ట్రూమన్ కపోటీ స్క్రీన్‌ప్లే రాశాడు. కొన్ని అదనపు సన్నివేశాలు జాన్ మార్టిమర్‌వి. చనిపోయిన పాత నౌకరు పీటర్ క్వింట్, పాత గవర్నెస్ మిస్ జెస్సెల్ నిజంగానే ఆ ఇంట్లో తిరుగుతున్నారా, లేక అంతా గిడెన్స్ మనసు కల్పించుకున్నదా? కథంతా ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది, జవాబు మాత్రం చెప్పదు. అది తేలకుండా ఉండడంలోనే భయం ఉంది.

ఇంట్లో చూసే బొమ్మ నాణ్యత ఈ సినిమాకు అంత ప్రాణప్రదం కావడానికి కారణం కూడా ఇదే. బొమ్మను మరీ ప్రకాశవంతం చేస్తే జెస్సెల్ ఎవరో నటి అని స్పష్టంగా తెలిసిపోతుంది. ప్రశ్న అక్కడితో తీరిపోతుంది. నలుపు మరీ ముద్దైపోతే ఆమె జమ్ములో కలిసిపోయి అసలు కనిపించదు. అప్పుడు గిడెన్స్ పిచ్చిదవుతుంది. రెండూ కాకుండా, ‘చూశానా? నిజంగా చూశానా?’ అనిపించే అంచు మీద బొమ్మ నిలవాలి. మామూలు సినిమాలో నాసిరకం ప్రింటు అందాన్నే పాడుచేస్తుంది. ఇందులో కథనే మార్చేస్తుంది.

చోటు సంగతికి వస్తే, ఈ ఎస్టేటును జాన్ బేకర్ హోల్‌రాయిడ్ 1769లో కొన్నాడు. తర్వాత మొదటి ఎర్ల్ ఆఫ్ షెఫీల్డ్ అయింది ఈయనే. ఇంటికి గోథిక్ రూపం ఇచ్చినవాడు వాస్తుశిల్పి జేమ్స్ వయట్. మొనదేలిన కిటికీలు, కోట బురుజుల్లా పళ్లున్న పిట్టగోడలు అప్పటివే. తోట పనిలో మొదట ‘కేపబిలిటీ’ బ్రౌన్, తర్వాత హంఫ్రీ రెప్టన్ చేయిపెట్టారు. చూసేవాళ్లకు సహజంగా ఏర్పడ్డట్టు అనిపించే ఈ చెరువులన్నీ మనుషులు గీసి, తవ్వి, నీళ్లు నిలిపినవే. రోమన్ సామ్రాజ్య పతన చరిత్ర రాసిన ఎడ్వర్డ్ గిబ్బన్ ఈ ఇంటికి ఆప్తమిత్రుడు. 1794లో చనిపోతే పక్కనే ఫ్లెచింగ్ ఊరి చర్చిలో, షెఫీల్డ్ కుటుంబపు సమాధి మందిరంలోనే ఆయన్ను ఉంచారు.

క్రికెట్ పిచ్చి ఉన్న మనవాళ్లకు ఇంకో సంగతి. మూడో ఎర్ల్‌కు ఆటంటే ప్రాణం. 1891-92లో డబ్ల్యు.జి. గ్రేస్ జట్టును ఆస్ట్రేలియాకు తీసుకెళ్లి, అక్కడి క్రికెట్ కోసం 150 పౌండ్లు ఇచ్చి వచ్చాడు. ఆ డబ్బుతో చేయించిన ట్రోఫీయే షెఫీల్డ్ షీల్డ్. ఇంగ్లండ్ పర్యటనకు వచ్చిన ఆస్ట్రేలియా జట్లు ఈ తోటలోని మైదానంలో ఆడేవి. 1896లో ఎర్నీ జోన్స్ వేసిన బంతి గ్రేస్ గడ్డంలోంచి దూసుకుపోయిందని చెప్పుకునే కథ ఇక్కడిదే. అదే మ్యాచ్‌లో మన రంజిత్‌సిన్హ్‌జీ కూడా ఆడాడు.

ఇప్పుడు మనం చూసే రంగులు ఎర్ల్‌ల కాలంవి కావు. 1910 ప్రాంతంలో ఎస్టేటు ఆర్థర్ సోమ్స్ చేతికి వచ్చింది. ఆకురాలు కాలంలో ఏ చెట్టు ఎప్పుడు ఏ రంగుకు తిరుగుతుందో, ఆ రంగు ఏ నీళ్లలో పడుతుందో లెక్క చూసుకుని నాటించినవాడు ఆయన. రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడ కెనడా సైనికులు దిగారు. 1954లో తోట నేషనల్ ట్రస్ట్ కిందికి వచ్చింది. ఇల్లు మాత్రం వేరుగా అమ్ముడుపోయింది. ఇప్పుడు అది ఫ్లాట్లుగా విడిపోయిన ప్రైవేటు ఆస్తి. తోటలోంచి దాన్ని చూడొచ్చు కానీ లోపలికి ప్రవేశం లేదు. సినిమాలోని గదులు, వరండాలు, ఆ పొడవాటి మెట్లు వెతుక్కుంటూ వచ్చినవాళ్లకు అవి ఎలాగూ ఇక్కడ దొరకవు. ఇంటి లోపలి దృశ్యాలన్నీ షెపర్టన్ స్టూడియోలో సెట్లు వేసి తీశారు.

క్లేటన్‌కు సినిమాస్కోప్ ఇష్టం లేదు. నాలుగు గోడల మధ్య ఊపిరాడకుండా సాగాల్సిన కథకు అంత వెడల్పు తెర ఎందుకన్నది ఆయన బాధ. నిర్మాణ సంస్థ ట్వంటియత్ సెంచరీ ఫాక్స్ పట్టువిడవలేదు. అప్పుడు ఛాయాగ్రాహకుడు ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్ ఒక ఉపాయం పన్నాడు. అంచుల వైపు రంగు పూసిన ఫిల్టర్లు తయారుచేసి లెన్సు ముందు పెట్టాడు. దాంతో తెర మధ్యలో వెలుతురు ఉంటుంది, రెండు పక్కలకూ పోయేకొద్దీ బొమ్మ మెల్లమెల్లగా చీకటిలోకి జారుతుంది. కన్ను మధ్యలో నిలుస్తుంది, మనసు మాత్రం పక్కలకే లాగుతుంటుంది. ఆ చీకట్లో ఎవరైనా ఉన్నారేమో! వద్దనుకున్న వెడల్పే ఇలా సినిమాకు ఆయువుపట్టయింది. ‘సన్స్ అండ్ లవర్స్’కు ఆస్కార్ అందుకున్న ఫ్రాన్సిస్‌కు ఈ సినిమాకు కనీసం నామినేషన్ కూడా రాలేదు. ఇప్పుడు చూస్తే ఇది అంతకంటే గొప్ప పని అనిపిస్తుంది.

ఇలాంటి బొమ్మను పాత టీవీలకు సరిపెట్టడానికి ఏం చేశారో తలుచుకుంటేనే బాధ కలుగుతుంది. సినిమాస్కోప్ బొమ్మ ఎత్తు 1 అయితే వెడల్పు 2.35. పాత టీవీ తెర వెడల్పు 1.33. తెర నిండా బొమ్మ ఉండాలంటే పక్కలు కోయాలి. పాన్ అండ్ స్కాన్ అనే ఆ పద్ధతిలో ఒక్కో షాట్‌లో దాదాపు 43 శాతం బొమ్మ పోతుంది. అలా పోయేది సరిగ్గా ఫ్రాన్సిస్ చేత్తో పూసిన చీకటే. మధ్యలోని వెలుతురు మాత్రమే మిగులుతుంది. ఒక చివర గిడెన్స్, మరో చివర పిల్లవాడు మైల్స్, మధ్యలో ఖాళీ. ఇలాంటి షాట్లు ఇందులో లెక్కలేనన్ని. ఒకరి ముఖం కోసం ఇంకొకరిని బయటికి తోసేస్తే ఆ ఖాళీ మాయమైపోతుంది. ఆ ఇద్దరి మధ్య పెరిగే దూరాన్ని చూపేది ఆ ఖాళీయే.

డీవీడీ రాగానే అంచులైతే తిరిగొచ్చాయి, వివరం మాత్రం ఇంకా రాలేదు. అమెరికా తరహా డీవీడీలో బొమ్మకు 480 గీతలు. వెడల్పు తెర కోసం పైనా కిందా నల్లపట్టీలు పోగా అసలు బొమ్మకు దక్కేవి 363 దాకా. బ్లూరేలో అవే 817. చెరువు షాట్‌లో జెస్సెల్ ఎత్తు తెర ఎత్తులో పదిహేనో వంతు అనుకుందాం. డీవీడీలో ఆమె మొత్తం 24 గీతల మనిషి. అందులో తల ఎక్కడ, భుజం ఎక్కడ? నల్లటి మరక, అంతే. బ్లూరేలో 54 గీతలు దొరుకుతాయి. ముఖం అప్పటికీ అందదు కానీ, ఆమె తల మన వైపే తిరిగి ఉందని తెలుస్తుంది. చూస్తోందని తెలుస్తుంది. అది తెలిసిన క్షణంలో ఒళ్లు జలదరిస్తుంది. చుట్టూ జమ్ము పోచలు వేటికవి విడివిడిగా గాలికి ఊగుతుంటే, వాటి మధ్య ఒక్కటి మాత్రం ఊగదు. పోచలన్నీ కలిసి ముద్దగా కనిపించే డిస్కులో ఈ తేడా పట్టుబడదు.

బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 2010లో బ్లూరే తెచ్చింది. సినిమా మీద సర్ క్రిస్టఫర్ ఫ్రేలింగ్ వ్యాఖ్యానం అందులో ఉంది. శ్రద్ధగా వినదగ్గది. 2014లో అమెరికాలోని క్రైటీరియన్ 4కె పునరుద్ధరణతో ఇంకో బ్లూరే విడుదల చేసింది. శబ్దాన్ని కుదించకుండా, అసలున్నట్టే మోనోలో, అంటే ఒకే ఛానెల్‌లో ఉంచింది. ఈ డిస్కుల్లో మొదట కంటపడేది గ్రెయిన్, అంటే బొమ్మంతా సన్నగా కదలాడే రేణువులు. ఇది లోపమని కొందరు విసుక్కుంటారు, టీవీలో నాయిస్ రిడక్షన్ పెట్టి తుడిచేస్తారు. ఫిల్ములో బొమ్మ ఏర్పడిందే ఆ వెండి రేణువులతో. వాటిని తుడిస్తే గిడెన్స్‌గా నటించిన డెబొరా కెర్ చెంప మైనపు బొమ్మ చెంపలా నునుపెక్కుతుంది. రేణువులతో పాటు జమ్ము పోచల అంచులూ పోతాయి. నాయిస్ రిడక్షన్‌ను ఆపేయండి. టీవీ తనంతట తాను కదలికలను నున్నగా చేసే సౌకర్యాన్నీ, నీడలను సొంత తెలివితో పెంచే డైనమిక్ కాంట్రాస్ట్‌నూ ఆపేయండి. ఈ సినిమాకు సంబంధించినంత వరకు నాకు రెండో ఆలోచన లేదు.

నలుపు లెక్క ఇంకా సున్నితం. ఇంటి వీడియోలో నలుపును 16 అనే అంకెతో, తెలుపును 235తో సూచిస్తారు. మధ్యలో ఉన్నవన్నీ బూడిద రంగు మెట్లు. క్వింట్ ముఖం కిటికీ అద్దం వెనక చీకట్లోంచి పుట్టుకొచ్చే దృశ్యం ఈ మెట్లలో అట్టడుగున జరుగుతుంది. పిల్లలతో దాగుడుమూతలు ఆడుతూ గిడెన్స్ తెరచాటున నక్కి ఉంటుంది. ఆమె వెనక కిటికీ. అందులో మొదట ఏమీ ఉండదు, తర్వాత ఉందా లేదా అనిపించే ఒక మసక, ఆ తర్వాత ముఖం. ప్లేయరు, టీవీ రెండింటిలో నలుపు స్థాయి సెట్టింగు ఒకదానితో ఒకటి కలవకపోతే రెండు ప్రమాదాలు. ఒకటి, ఆ మొదటి మసక పూర్తిగా చీకట్లో కలిసిపోయి ముఖం ఒక్కసారిగా ఊడిపడుతుంది. రెండోది, చీకటంతా బూడిదరంగుకు తిరిగి అద్దం వెనక మనిషి ముందునుంచే కనిపిస్తాడు. మెల్లగా పుట్టాల్సిన భయం రెండు రకాలుగానూ చస్తుంది.

ఫ్రాన్సిస్ ఫిల్టర్లతో వచ్చే చిక్కు ఇంకొకటి. అంచుల వైపు ఆయన చీకటి ఎక్కడ మొదలైందో తెలియనంత మెల్లగా దిగుతుంది. ఆన్‌లైన్‌లో తక్కువ బిట్‌రేట్‌తో వచ్చే వీడియో ఇలాంటి వాలును మోయలేదు. దాన్ని నాలుగైదు ముక్కలు చేసి, ముక్క ముక్కకూ ఒక్కో బూడిదరంగు పూస్తుంది. నునుపైన వాలు ఉన్నచోట మెట్లు కనిపిస్తాయి. ఒక్కసారి ఆ మెట్లు కంటపడ్డాయంటే ఇక చూపు దెయ్యం మీద నిలవదు.

ఇంత లోతు, ఇంత స్పష్టత రావడానికి సెట్‌లో పడ్డ పాట్లు చిన్నవి కావు. దగ్గరున్న ముఖమూ, గది చివర తలుపూ ఒకేసారి స్పష్టంగా ఉండాలన్నది ఫ్రాన్సిస్ కోరిక. సినిమాస్కోప్ లెన్సుతో అది సాధించాలంటే విపరీతమైన వెలుతురు కావాలి. లైట్ల ధాటికి డెబొరా కెర్ షాటుకు షాటుకు మధ్య నల్లకళ్లద్దాలు పెట్టుకునేదట. గిడెన్స్ చేతిలోని కొవ్వొత్తులు కూడా మామూలువి కావు. ఒక్కో కొవ్వొత్తిలో నాలుగైదు వత్తులు పెట్టి ప్రత్యేకంగా చేయించారు. తెర మీద చీకటిగా కనిపించే ఆ రాత్రి నడక, సెట్‌లో కళ్లు చెదిరే వెలుగులో జరిగింది. మంచి డిస్కులో జాగ్రత్తగా చూస్తే ఆ మంట ఒంటి వత్తి మంటలా సన్నగా ఉండదు, గుబురుగా ఉంటుంది.

ఆ స్పష్టత అంతా ఎందుకో చదువుల గది దృశ్యంలో తెలుస్తుంది. గిడెన్స్ తలుపు దగ్గరికి వచ్చేసరికి లోపల బల్ల ముందు జెస్సెల్ కూర్చుని ఏడుస్తుంటుంది. దగ్గరికి వెళ్లేసరికి కుర్చీ ఖాళీ. బల్ల మీద మాత్రం ఒక తడి చుక్క మిగిలి ఉంటుంది. కన్నీటి చుక్క. సినిమా మొత్తంలో దెయ్యం మిగిల్చిన సాక్ష్యం ఇదొక్కటే. గిడెన్స్ ఒక్కతే దాన్ని చూస్తుంది, మనమూ చూస్తాం. ప్రేక్షకుడు ఎటువైపు మొగ్గాలో తేల్చగల ఈ చుక్క పరిమాణం ఎంతని? కందిగింజంత. పాత వీడియో కేసెట్‌లో అది ఉందో లేదో దేవుడికే తెలియాలి. బ్లూరేలో దాని మీద వెలుతురు మెరవడం కూడా కనిపిస్తుంది.

దృశ్యం నుంచి దృశ్యానికి మారే తీరు గురించి కూడా చెప్పాలి. ఎడిటర్ జిమ్ క్లార్క్ ఇందులో వాడిన డిజాల్వ్‌లు అసాధారణమైనవి. మామూలుగా ఒక బొమ్మ కరిగి ఇంకో బొమ్మ రావడానికి ఒకటి రెండు సెకన్లు చాలు. ఇక్కడ అవి సాగుతూనే ఉంటాయి. గిడెన్స్ ముఖం, నీళ్లు, ఒక విగ్రహం, ఇంటి గోడ ఒకదాని మీద ఒకటి పడి, ఏది పోతోందో ఏది వస్తోందో తెలియని స్థితి ఏర్పడుతుంది. ఫిల్ము కాలంలో డిజాల్వ్ చేయాలంటే నెగెటివ్‌ను ఇంకో ఫిల్ము మీదికి మళ్లీ ఎక్కించాలి. నకలు కాబట్టి ఆ భాగం చుట్టుపక్కల కంటే ఒక వీసం మెత్తబడుతుంది, గ్రెయిన్ చిక్కబడుతుంది. పునరుద్ధరించిన డిస్కులోనూ ఈ తేడా అలాగే ఉంటుంది. ఉండాలి కూడా. బొమ్మ కొద్దిగా మెత్తబడగానే ఏదో రాబోతోందని మనసు పసిగడుతుంది.

డిజిటల్ కంప్రెషన్‌కు డిజాల్వ్‌లంటే గండం. వీడియోను కుదించే పద్ధతి ముందు ఫ్రేము చూసి తర్వాతి ఫ్రేమును ఊహించడం మీద నడుస్తుంది. ఏది ఎటు కదిలిందో కనిపెట్టి తేడా మాత్రమే రాసుకుంటుంది. డిజాల్వ్‌లో ఏదీ ఎటూ కదలదు, కానీ ప్రతి చుక్కా ప్రతి ఫ్రేములో కొద్దికొద్దిగా మారుతుంది. ఊహ పనిచేయదు, రాసుకోవాల్సింది కొండంత. బిట్‌రేట్ సరిపోకపోతే ముఖం మీద గళ్లు పడతాయి. రెండు లోకాలు ఒకదాన్నొకటి తాకే ఘడియలో గళ్ల పలక కనిపిస్తే ఇంకేం మిగులుతుంది? వీలైతే ఈ సినిమాను డిస్కులోనే చూడమని నేను గట్టిగా చెప్పడానికి ముఖ్య కారణం ఇదే.

ఇక శబ్దం. సినిమా మొదలవడమే నల్లటి తెరతో. ఫాక్స్ సంస్థ గుర్తు కూడా రాకముందే చీకట్లో ఒక పిల్ల గొంతు పాడుతుంటుంది. సంగీతం ఫ్రెంచి స్వరకర్త జార్జ్ ఓరిక్‌ది, పాట రాసింది పాల్ డెన్, గొంతు ఇస్లా కామెరన్‌ది. తెర వెలగడం లేదేమని అనుమానం వచ్చేంతసేపు ఆ నలుపు ఉంటుంది. చెరువు ఒడ్డున ఫ్లోరా కూనిరాగం తీసే పాట, అటక మీద దొరికే పాటల పెట్టెలో మోగే పాట ఇదే. మొదట్లో చీకట్లో విన్నాం కాబట్టి, తర్వాత వెలుతురులో విన్నప్పుడల్లా ఆ చీకటి గుర్తొస్తుంది. ఆ మొదటి నలుపు ఇంట్లో నిజంగా నల్లగా ఉండాలి. గదిలో లైటు తీసేయడానికి ఇంతకంటే మంచి కారణం లేదు.

కొన్ని వింత ధ్వనులను డాఫ్నీ ఓరమ్ ఎలక్ట్రానిక్ పద్ధతిలో తయారుచేసింది. బీబీసీ రేడియోఫోనిక్ వర్క్‌షాప్ 1958లో మొదలైనప్పుడు దానికి ఊపిరి పోసినవాళ్లలో ఆమె ఒకరు. మరుసటి ఏడాదే బయటికి వచ్చి కెంట్‌లో సొంత స్టూడియో పెట్టుకుంది. ఈ సినిమా టైటిల్స్‌లో మాత్రం ఆమె పేరు కనిపించదు. అన్యాయమే.

క్లేటన్ వాడిన ఆయుధాల్లో పదునైనది నిశ్శబ్దం. గిడెన్స్ తోటలో తెల్ల గులాబీలు కోస్తుంటుంది. పక్షులు, పురుగులు, వేసవి తోటలో ఉండే రొద అంతా ఉంటుంది. ఒక రాతి బొమ్మ నోట్లోంచి పురుగు పాకుతూ బయటికి వస్తుంది. అప్పటిదాకా వినిపించిన రొద ఉన్నట్టుండి తగ్గిపోతుంది. తలెత్తి చూస్తే బురుజు మీద, సూర్యుడికి అడ్డంగా, ఎవరో మనిషి. ఇక్కడ ఈ రోజుల టీవీలు చేసే ద్రోహం ఒకటుంది. ఆటో వాల్యూమ్, నైట్ మోడ్ లాంటి సౌకర్యాలు శబ్దం తగ్గగానే దాన్ని తామే పైకి ఎత్తుతాయి. పక్షులు మానేసిన చోట మనకు పాత సౌండ్‌ట్రాక్ బుసబుస వినిపిస్తుంది. ఆ బుసను పూర్తిగా కడిగేసినా తప్పే. దాంతో పాటు గదిలోని గాలి, గౌను అంచు నేలకు రాసుకునే చప్పుడు కూడా కొట్టుకుపోతాయి.

మోనో శబ్దాన్ని అయిదు స్పీకర్లకు పంచే సౌకర్యం గురించీ ఇదే మాట. రాత్రి కొవ్వొత్తులు పట్టుకుని గిడెన్స్ వరండాల్లో నడుస్తుంటే గుసగుసలు, నవ్వులు, ఏడుపు ఒకదాని మీద ఒకటి పడతాయి. మోనోలో అవన్నీ తెర మధ్యలోంచి, ఆమె ఊపిరి వచ్చే చోటినుంచే వస్తాయి. ఇంట్లోంచా, తలలోంచా అని తేల్చుకోలేం. అవే గొంతులు సోఫా వెనకనుంచి వచ్చాయంటే ఇంట్లో దెయ్యాలున్నాయని సౌండ్‌బార్ తీర్పు చెప్పేసినట్టే. హెన్రీ జేమ్స్ చెప్పనిది, క్లేటన్ చెప్పనిది ఒక యంత్రం చెప్పకూడదు.

ఇదంతా చూస్తుంటే మన సినిమాలు గుర్తుకు రాకుండా ఉండవు. 1957 ‘మాయాబజార్’ పడవ పాటలో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే పండించిన వెన్నెలకు ప్రాణం కూడా నలుపు తెలుపుల మధ్య మెట్లే. 2010లో దానికి రంగులద్ది థియేటర్లకు తెచ్చారు, జనం సంతోషంగా చూశారు. నాకు మాత్రం ఆ నలుపు తెలుపుల వెన్నెలను అసలు నెగెటివ్ నుంచి ఒక్కసారి నలుపు నలుపుగానే చూడాలని ఉంది. మన పాత సినిమాలు ఆన్‌లైన్‌లో దొరికే తీరు చూస్తే గుండె తరుక్కుపోతుంది. నలుపు వెలిసిపోయి, మూలన ఛానెల్ ముద్ర పడి, పాటలో గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. తెలుగువాళ్లు ప్రాణంగా చూసుకునే సినిమాలకే ఈ గతి పట్టినప్పుడు, మామూలు సినిమాల్లోని మంచి ఛాయాగ్రహణం ఎంత మన కళ్లకు అందకుండా పోయిందో!

డిస్కు కొనాలనుకునేవాళ్లకు ఒక జాగ్రత్త. బ్లూరేలకు ప్రాంతాల గోల ఉంది. అమెరికాది ఏ, బ్రిటన్‌ది బి, మన దేశానిది సి. డాలస్‌లో ఉన్న అమ్మాయి క్రైటీరియన్ డిస్కు కొని హైదరాబాద్‌లో నాన్నకు పంపితే అది మామూలు ప్లేయర్‌లో ఆడదు. అన్ని ప్రాంతాల డిస్కులూ ఆడించే ప్లేయరు ఉంటేనే పని జరుగుతుంది.

లండన్‌లో ఉన్నవాళ్లకు, అటు వెళ్లేవాళ్లకు షెఫీల్డ్ పార్క్ పెద్ద దూరం కాదు. విక్టోరియా స్టేషన్‌లో రైలెక్కితే గంట ప్రయాణంలో ఈస్ట్ గ్రిన్‌స్టెడ్. అక్కడినుంచి బ్లూబెల్ రైల్వే ఆవిరి బండి 11 మైళ్లు నడిచి షెఫీల్డ్ పార్క్ స్టేషన్‌లో దింపుతుంది. మూతపడ్డ లైనును అభిమానులు పట్టుబట్టి 1960లో తిరిగి నడిపించిన రైలు ఇది. సినిమాలో మైల్స్ బడినుంచి వచ్చి రైలు దిగేది కూడా ఈ లైనులోనే. స్టేషన్‌ను ఇప్పటికీ విక్టోరియా రాణి కాలపు రూపులోనే ఉంచారు. అక్కడినుంచి తోటకు నడిచి వెళ్లొచ్చు. రంగులు కావాలంటే అక్టోబరు. సినిమా కోసం వెళ్లేవాళ్లకు మాత్రం ఆకులన్నీ రాలాక, జనవరి ఫిబ్రవరిలో మబ్బు పట్టిన రోజు చూసుకోమని చెబుతాను. అప్పుడు చెట్ల కొమ్మలు, నీళ్లు, ఆకాశం అన్నీ బూడిదరంగు మెట్లలోకి దిగుతాయి, ఫ్రాన్సిస్ ఏం చూశాడో మన కంటికీ ఆనుతుంది. చలికాలంలో ఆవిరి బండి అన్ని రోజులూ నడవదు. బయలుదేరే ముందు వేళలు కనుక్కోవాలి.